తరుగు రాసే చెయ్యి

ప్రశ్న:

అయ్యా, మాది చిత్తూరు దగ్గర ఒక పల్లె. పదకొండేళ్ళుగా మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. ఇప్పుడు కాటా దగ్గర షిఫ్టు ఇన్‌చార్జిని. రైతులు తెచ్చే తోతాపురి కాయను తూకం వేసి, కుళ్ళు, పచ్చి, ఆకు, తొడిమ కింద తరుగు తీసి చీటీ ఇవ్వడం నా పని.

మూడేళ్ళ కింద కొత్త మేనేజరు వచ్చారు. మా సీజను బోనస్‌ను రికవరీకి కలిపారు. అంటే తూకం వేసిన కాయకు ఎంత శాతం గుజ్జు వచ్చిందన్న లెక్క. అప్పటి నుంచి తరుగు కొద్దికొద్దిగా పెరుగుతూ వచ్చింది. ఎక్కువ తియ్యమని ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. సాయంత్రం ఏడింటికి ఫోను వస్తుంది, "ఈ రోజు రికవరీ ఎంత?" అని. తక్కువ చెబితే అవతల కాసేపు మాట ఉండదు. ఆ మాట లేకపోవడానికే భయపడి మర్నాడు ఇంకాస్త కోసేవాణ్ణి. నాతోటి ఇన్‌చార్జి ఒకతను మీటింగులో దీని గురించి అడిగాడు. వారం తిరక్కుండా అతన్ని తొక్కలు, టెంకలు పోసే యార్డుకు మార్చారు.

2025 సీజనులో మా హైస్కూలు లెక్కల మాస్టారు ట్రాక్టరుతో వచ్చారు. రిటైరయ్యాక మూడెకరాల తోట చూసుకుంటున్నారు. రెండు రోజులు లైన్లో ఉన్నారు. నికరం 4,200 కిలోలు. నిజంగా తీయాల్సింది 80 కిలోలు ఉంటుందేమో, నేను 300 రాశాను. ఆయన చీటీ చూసుకుని, "శాతం ఎంత పడిందిరా?" అన్నారు. నేను తలెత్తలేదు. ఆయన సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

నా కింద 22 ఏళ్ళ కుర్రాడు ఉన్నాడు, పని నేర్పింది నేనే. నేను 300 తీసే చోట వాడు 400 తీస్తున్నాడు. అడిగితే "నువ్వు నేర్పిందే కదన్నా" అన్నాడు. ఓనరు గారు మంచాయన. ఏటా కాలినడకన తిరుమల ఎక్కుతారు, కాణిపాకంలో అన్నదానం చేయిస్తారు. ఆయనకు ఇదంతా తెలుసో లేదో నాకు తెలియదు. నా భార్య, "ఇంటి లోను ఇంకా ఆరేళ్ళుంది, నీ పని నువ్వు చూసుకో" అంటోంది. నేను చెడ్డవాణ్ణి అయిపోయానా? మానెయ్యాలా? ఎవరికైనా చెప్పాలా?

– ఒక పాఠకుడు, చిత్తూరు జిల్లా

సమాధానం:

మీ మాస్టారు అడిగిన దానికి జవాబు ఏడు శాతం పైచిలుకు. అది అలా ఉంచండి. నాకు ఆ ఏడు శాతం కన్నా మీ బోనస్ శాతం మీద ఎక్కువ అనుమానం వచ్చింది. ముప్పయ్యేళ్ళు తిరుపతి నుంచి ఊళ్ళు తిరుగుతూ లెక్కలు ఆడిట్ చేసిన అలవాటు కదా, మీ ఉత్తరం పక్కనే ఒక కాగితం పెట్టుకుని లెక్క వేశాను.

పది టన్నుల కాయ వచ్చిందనుకోండి. అయిదు టన్నుల గుజ్జు దిగింది. రికవరీ 50 శాతం. అదే కాయకు మీరు మూడు క్వింటాళ్ళు అదనంగా తరుగు తీసి 9.7 టన్నులని రాస్తే, అదే అయిదు టన్నుల గుజ్జుకు రికవరీ 51.5 శాతం అవుతుంది. కాయలో రసం ఒక్క చుక్క పెరగలేదు. మిషను మారలేదు, మనిషి మారలేదు. కాటా గదిలో పెన్ను కదిలింది, అంతే. లోపల గుజ్జు తీసేవాళ్ళు వృథా తగ్గించడానికి నెల రోజులు తంటాలు పడినా ఒకటిన్నర శాతం రావడం కష్టం. మీ చేతిలో అది అర నిమిషం పని.

ఈ బోనస్ పెట్టిన మేనేజరు దొంగతనం చేయించాలనే పెట్టారని నేననుకోను. గుజ్జు వృథా కాకూడదని పెట్టి ఉంటారు. కానీ భాగహారంలో కింద ఉండే అంకె మీ చేతిలో ఉందన్న సంగతి ఆయన చూడలేదు. మొదటి ఏడు చూడలేదంటే నమ్ముతాను. మూడో ఏడు కూడా చూడలేదంటే మాత్రం నమ్మను. రికవరీ పెరుగుతున్న ఫ్యాక్టరీలో తరుగు కూడా దానితోపాటే పెరుగుతోందని రిజిస్టరు తిరగేసిన ఎవరికైనా తెలుస్తుంది. తిరగేస్తే తెలిసిపోతుందనే కొందరు తిరగెయ్యరు. నా ఉద్యోగంలో ఇలాంటి పెద్దమనుషులను చాలామందిని చూశాను. వాళ్ళు అబద్ధం ఆడరు. అడగాల్సింది అడగరు.

ఇది మన ఊరి జబ్బు కూడా కాదు. అమెరికాలో వెల్స్ ఫార్గో అనే పెద్ద బ్యాంకు ఉంది. ఒక్కో ఖాతాదారుడికి ఎనిమిది రకాల ఖాతాలో కార్డులో అంటగట్టాలని అక్కడి పైవాళ్ళ పట్టుదల. రోజూ లెక్క అడిగేవాళ్ళు. ఒక్క మనిషికి అన్ని ఖాతాలు ఎందుకుంటాయి? చివరికి ఉద్యోగులు ఖాతాదారులకు తెలియకుండా వాళ్ళ పేర్లతో లక్షల కొద్దీ ఖాతాలు తెరిచారు. 2016 సెప్టెంబరులో బయటపడి బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అప్పటికే అయిదేళ్ళలో సుమారు 5,300 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. అందులో ఎక్కువ మంది కౌంటరు దగ్గర కూర్చునే చిన్న జీతగాళ్ళు. తప్పంతా కింది వాళ్ళదే అని పైవాళ్ళు మొదట చాలా గట్టిగా అన్నారు కూడా. మీరు ఈ మాట గుర్తుంచుకోవాలి. రేపు మీ ఫ్యాక్టరీ గేటు దగ్గర రైతులు ధర్నాకు కూర్చుంటే చీటీ మీద ఉండేది మేనేజరు సంతకం కాదు, మీది.

మీరు "చెడ్డవాణ్ణి అయిపోయానా" అని అడిగారు కాబట్టి నా సంగతి ఒకటి చెప్పాలి.

ఆడిట్ ఉద్యోగానికి ముందు, ఇరవై మూడేళ్ళ వయసులో, నేను ఒక పాల సేకరణ కేంద్రంలో వెన్న శాతం చూసేవాణ్ణి. ఇప్పటిలా మిషనులో పోస్తే అంకె కనబడే రోజులు కావవి. గాజు గొట్టంలో ఆసిడ్ పోసి, దాని మీద 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు ఆల్కహాలు పోసి, బిరడా బిగించి తిప్పేవాళ్ళం. కాసేపటికి వెన్న పసుప్పచ్చగా పైకి తేలి, గొట్టం సన్నటి మెడలో గీతల మధ్య నిలబడేది. ఎంత నిలబడిందో కంటితో చదవాలి. వెన్న అంచు గీతకు గీతకు మధ్య ఉంటే పైగీత చదవాలా, కిందిగీత చదవాలా? మా సీనియరు ఎప్పుడూ కిందిదే చదివేవాడు. గొట్టాన్ని కంటికి కాస్త ఎత్తున పట్టుకునేవాడు. కింది నుంచి చూస్తే ఎలాగూ తక్కువే కనబడుతుంది. నేను మూడో రోజుకే ఆ ఎత్తు పట్టుకోవడం నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. నేర్పి ఉంటే ఎదురు తిరిగేవాణ్ణేమో.

ఒక ముసలామె రోజూ లీటరున్నర గేదె పాలు తెచ్చేది. "నిన్న ఆరున్నర వేసినావు, ఈ పొద్దు ఆరేనా నాయినా, గేదె ఒకటే గదా?" అనేది. గేదె మేతను బట్టి మారుతుందవ్వా అనేవాణ్ణి. అబద్ధం కాదు, మేతను బట్టి మారుతుంది. అందుకే అంత సులువుగా నోటికి వచ్చేది. పూర్తి అబద్ధమైతే నాలుక తడబడేది. మీ తరుగూ అంతే. కుళ్ళు కాయలు నిజంగానే ఉంటాయి. ఎనభై కిలోల నిజం చాటున రెండు వందల ఇరవై దాక్కుంటుంది.

ఏడాదిన్నర తర్వాత మాకు కొత్త ఇన్‌చార్జి వచ్చాడు. మమ్మల్ని కూర్చోబెట్టి నీతులేమీ చెప్పలేదు. టేబులును కిటికీ పక్కకు జరిపించి, పాలు తెచ్చిన మనిషి కూడా నిలబడి చూసేలా గొట్టాలు పెట్టే స్టాండును గోడ వైపు నుంచి వాళ్ళ వైపు తిప్పించాడు. ఇక నుంచి అంకె నువ్వు చదివి, ఆమెకు చూపించి, ఆ తర్వాతే పుస్తకంలో రాయమన్నాడు. అంతే చేశాడు. వారంలో కిందిగీత చదవడం ఆగిపోయింది. ముసలామెకు ఆరున్నర, ఆరూ నలభై పడటం మొదలైంది. నేను ఆ వారంలో మంచివాణ్ణి అయిపోలేదు. గొట్టం ఎదురుగా ఆమె కళ్ళున్నాయి, అంతే. అంతకు ముందు ఏడాదిన్నర నేనే కదా ఆ గొట్టాన్ని ఎత్తి పట్టుకున్నది అన్న సంగతి మాత్రం ఇప్పటికీ మరిచిపోలేదు. మీ మొదటి ప్రశ్నకు నా దగ్గర ఇంతకన్నా మంచి జవాబు లేదు.

తిరుమల పరకామణి గురించి మీకు తెలిసే ఉంటుంది. హుండీ డబ్బు లెక్కపెట్టేవాళ్ళు జేబుల్లేని పంచె కట్టుకుని లోపలికి వెళ్ళాలి. చుట్టూ కెమెరాలు, బయటికొచ్చేటప్పుడు తనిఖీ. భక్తిని అనుమానించినట్టు కాదా అని మా బంధువొకాయన బాధపడ్డాడు. అక్కడా దొంగతనాలు చేసి దొరికినవాళ్ళున్నారు మరి. కానీ ఎంత తక్కువ లెక్కపెడితే అంత బోనస్ అని అక్కడ ఎవరూ అనలేదు. మీ దగ్గర కెమెరా కూడా ఉండే ఉంటుంది, అది లైన్లో ట్రాక్టర్ల వైపు చూస్తూ ఉంటుంది. రైతు ఒక మంచి కాయ జేబులో వేసుకుంటాడేమోనని.

ఓనరు గారి విషయం. ఆయన అన్నదానాన్ని నేను తక్కువ చేయను. అయితే ఆయన మంచితనం మీ కాటా గది దాకా వస్తోందా? కింద పనిచేసేవాళ్ళు పెద్దాయన గుళ్ళో ఏం చేశాడని చూడరు. సాయంత్రం ఏడింటికి ఏం అడిగాడని చూస్తారు. మూడేళ్ళలో ఒక్కరోజైనా, ఒక్కరైనా, "ఈ రోజు ఎంతమంది రైతులు గొడవపడ్డారు? ఎవరి తరుగు మరీ ఎక్కువ పడింది? ఎందుకు?" అని అడిగారా? అడిగి ఉంటే మీరు ఉత్తరంలో తప్పకుండా రాసేవారు. మేనేజరు మాట్లాడకుండా ఉన్న ఆ కాసేపు ఉంది చూశారా, దాన్ని మీరు భలే పట్టుకున్నారు. తిట్టు అయితే ఇంటికెళ్ళి భార్యకు చెప్పుకుంటాం. ఆ మౌనాన్ని ఎవరికి చెప్పుకుంటాం?

ఇక తొక్కల యార్డుకు పోయిన మీ స్నేహితుడు. తరుగు పెరగడానికి బోనస్ ఎంత కారణమో ఆ బదిలీ కూడా అంత కారణం అనిపిస్తోంది నాకు. ఒక్క మనిషిని మార్చారు, వంద మంది చూశారు. ఆ తర్వాత మీటింగుల్లో ఎవరైనా నోరు విప్పారా?

మీరు కాణిపాకం పేరెత్తారు కాబట్టి అక్కడ పారే బాహుదా నది కథ గుర్తొచ్చింది. మన వైపు చెప్పుకునే కథలో శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. యాత్రకు వెళుతుంటే తమ్ముడు లిఖితుడికి ఆకలేసి రాజు తోటలో ఒక మామిడికాయ కోసుకుని తింటాడు. అన్న వారించినా వినడు. అన్నే రాజుకు చెబుతాడు. రాజు రెండు చేతులూ నరికిస్తాడు. తర్వాత ఆ ఏట్లో మునిగితే చేతులు తిరిగొచ్చాయి, అందుకే బాహుదా అయింది. భారతంలో కొంచెం తేడాగా ఉంటుంది, తమ్ముడు తిన్నది అన్న ఆశ్రమంలోని పళ్ళే. చిన్నప్పుడు మా నాయనమ్మ దీన్ని "చూశావా, ఒక్క కాయకే" అని భయపెట్టడానికి చెప్పేది. నాకు మాత్రం పెద్దయ్యాక వేరే ఆలోచన వచ్చింది. ఒక్క కాయకు రెండు చేతులు పోయే రాజ్యంలో ఇంకో అన్న ఎవడైనా తమ్ముడి సంగతి చెబుతాడా? మీ ఫ్యాక్టరీలో అయితే ఇంకా విడ్డూరం. కాయ తిన్నవాడికి బోనస్, చెప్పిన అన్నకు చేతులు నరుకుడు.

ఇప్పుడు మీ కుర్రాడి సంగతికి వస్తాను, మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా దిగులు కలిగించింది అతనే. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటారు. వాడు గట్టు దాటి మీకన్నా లోపలికి వెళ్ళాడు. మీకు 300 దగ్గర ఒక భయం ఉంది. ఎందుకంటే మీరు 80 తీసే రోజులు చూశారు. వాడి మొదటి రోజే 300. వాడికి అదే మామూలు.

అయితే ఇందులోనే ఇంకో సంగతి ఉంది. 1960ల మొదట్లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే ఆయన ఒక ప్రయోగం చేశాడు. పక్క గదిలో ఉన్న మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా కరెంటు షాకు పెంచుతూ పోవాలి. షాకు ఉత్తదే, నొక్కేవాడికి ఆ సంగతి తెలియదు. కోటు వేసుకున్న పెద్దమనిషి పక్కన నిలబడి "కానివ్వండి" అంటుంటాడు. 40 మందిలో 26 మంది చివరిదాకా, 450 వోల్టుల దాకా వెళ్ళారు. ఇంతవరకు చాలామందికి తెలుసు. నాకు నచ్చింది తర్వాత చేసినవి. పక్కనే ఇంకో ఇద్దరిని కూర్చోబెట్టి, వాళ్ళు మధ్యలో "మేం చెయ్యం" అని లేచిపోయేలా ఏర్పాటు చేస్తే, చివరిదాకా వెళ్ళినవాళ్ళు 40 మందిలో నలుగురు. మనుషులు అలాంటివాళ్ళే, పని అదే. పక్కవాడు లేచాడు, అంతే తేడా. ఆ పెద్దమనిషి గదిలో లేకుండా ఫోనులో చెప్పినప్పుడు కొందరు చిన్న షాకులే ఇస్తూ, పెద్దవి ఇస్తున్నామని అబద్ధం చెప్పారట. అలాంటి అబద్ధాలు మీ ఏడింటి ఫోనులో ఎవరైనా చెబుతున్నారేమో విచారించండి. మీకు కావలసిన మనుషులు వాళ్ళే.

అందుకే మొదట వెళ్ళాల్సింది మేనేజరు దగ్గరికి కాదు, ఆ కుర్రాడి దగ్గరికి. "నువ్వు నేర్పిందే కదన్నా" అన్నాడు కదా. "అవును, నేనే తప్పు నేర్పాను, మాస్టారి చీటీ మీద 220 కిలోలు దొంగ తరుగు రాసింది నేనే" అని ఒప్పుకోండి. వాడి తప్పు ఎంచకండి. మీది చెప్పండి. వాడు నవ్వితే నవ్వనివ్వండి. తర్వాత మరో షిఫ్టు ఇన్‌చార్జి ఎవరైనా ఉంటే అతనితో. యార్డులో ఉన్న మీ స్నేహితుడి దగ్గరికి కూడా ఒకసారి వెళ్ళిరండి. మార్చిన రోజు మీరు వెళ్ళారో లేదో ఉత్తరంలో లేదు.

ఇద్దరు ముగ్గురు కుదిరాక కాటా దగ్గర చేయగలిగినవి ఉన్నాయి. మీ అధికారంలోనే, ఎవరి అనుమతీ అక్కర్లేనివి. లోడులో అక్కడక్కడా నాలుగైదు క్రేట్లు తీసి, రైతు ఎదురుగానే ఏరి, పనికిరానిది తూచి, ఆ శాతమే మొత్తానికి కట్టండి. చీటీలో "తరుగు 300" అని ఒక్క ముక్కలో కాకుండా కుళ్ళు ఎంత, పచ్చి ఎంత, ఆకూ తొడిమా ఎంత అని విడిగా రాయండి. కింద గీతలు గీకకుండా మీ పేరు పూర్తిగా రాయండి. కాణిపాకంలో ప్రమాణం చెయ్యమంటే జనం ఎందుకు జంకుతారు? పేరు చెప్పుకుని, ఎదుటివాడు చూస్తుండగా నోటితో అనాలి కాబట్టి. చీటీ మీద పేరుకు కొంచెం ఆ గుణం ఉంది. కాటా డిస్‌ప్లే రైతుకు కనబడేలా ఉందా చూసుకోండి. నా పాల గొట్టం సంగతే ఇది.

రైతులందరూ ధర్మరాజులని నేననడం లేదు. పైన నాలుగు వరసలు బంగారం లాంటి కాయ, అడుగున పిందెలు పోసుకొచ్చేవాళ్ళను మీరు నాకన్నా ఎక్కువ చూసి ఉంటారు. వాళ్ళకు 400 పడాల్సిందైతే 400 వెయ్యండి, ఏరి చూపించి వెయ్యండి. ఇప్పుడు జరుగుతున్న దాంట్లో మోసం చేసినవాడికీ, మీ మాస్టారికీ ఒకటే కోత. ఆయన రేపటి నుంచి ఎందుకు ఏరి తేవాలి?

ఓనరు గారికి చెప్పడం. చెప్పాలి, కానీ ఫిర్యాదులా కాదు. మేనేజరు పేరు ఎత్తకండి. మూడేళ్ళ రిజిస్టర్లలో తరుగు శాతం, రికవరీ శాతం నెలవారీగా పక్కపక్కన ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. పైన నేను వేసిన పది టన్నుల లెక్క కింద రాయండి. వ్యాపారం చేసేవాడికి ఈ కాగితం చూస్తే వేరే భయం వెయ్యాలి: తన మిషన్లు బాగుపడ్డాయని మూడేళ్ళుగా అనుకుంటున్నది ఒట్టిదని. బోనస్‌కు రికవరీ లెక్క కట్టేటప్పుడు తరుగు తీయకముందు తూకంతో కట్టమని అడగండి. కాటాకు బోనస్‌తో సంబంధమే తెంచేస్తే ఇంకా మంచిది. మేనేజరు గారికి ముందే చెప్పి వెళ్ళడమా, చెప్పకుండా వెళ్ళడమా? ముందే చెప్పండి, "ఈ లెక్క ఓనరు గారికి కూడా చూపిస్తాను సార్" అని. చాటుగా వెళ్ళాడన్న మాట మీ మీద పడితే లెక్క సంగతి ఎవరూ మాట్లాడరు.

ఓనరు గారు ఆ కాగితం చూసి, మడిచి, జేబులో పెట్టుకుని "సరేలే, చూద్దాం" అంటే? ఒక సీజను ఆగి చూడండి. అప్పటికీ అంతే అయితే ఆయనకు తెలుసో లేదో అన్న మీ సందేహం తీరినట్టే. సత్యం రామలింగరాజు 2009 జనవరి 7న రాసిన ఉత్తరం గుర్తుందా? లెక్కల్లో చూపించిన లాభానికీ, నిజం లాభానికీ మధ్య తేడా మొదట చిన్నదేననీ, ఏళ్ళు గడిచేకొద్దీ పెరిగి పులి మీద స్వారీ అయిందనీ రాశారు. దిగితే తినేస్తుంది. అక్కడ తేడా ఏడు వేల కోట్లు దాటింది. ఇక్కడ 80 నుంచి 300, కుర్రాడి చేతిలో 400. మీరింకా దిగగలిగే ఎత్తులోనే ఉన్నారు.

బయట చెప్పడం గురించి జాగ్రత్తగా ఉండండి. తూకంలో మోసం తూనికలు కొలతల శాఖ చూస్తుంది. అమ్మేటప్పుడు తక్కువ ఇవ్వడమే కాదు, కొనేటప్పుడు ఎక్కువ తీసుకోవడం కూడా 2009 చట్టం ప్రకారం నేరమే. వేబ్రిడ్జికి ఏటా తనిఖీ చేసి ముద్ర వెయ్యాలి. అయితే మీ కేసులో కాటా సరిగ్గానే ఉంది, చెయ్యి సరిగ్గా లేదు, కాబట్టి ముద్ర చూసి పోతే ఏమీ తేలదు. రైతులే చీటీలు కట్టగట్టుకుని సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సుకు వెళితే బలం ఉంటుంది. పెద్ద కంపెనీల్లో ఉద్యోగి మీద కక్ష సాధింపు లేకుండా ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది: షేరు మార్కెట్లో ఉన్నవి, జనం దగ్గర డిపాజిట్లు తీసుకున్నవి, బ్యాంకుల దగ్గర 50 కోట్లు దాటి అప్పు తెచ్చినవి. మీది అందులోకి వస్తుందేమో అకౌంట్స్‌లో అడగండి. 2014లో వచ్చిన విజిల్ బ్లోయర్ల చట్టం మాత్రం ప్రభుత్వోద్యోగుల అవినీతి గురించే, మీకు పనికిరాదు.

ఆకాశరామన్న ఉత్తరాలు రాయకండి. పేరు పెట్టి, పేరు దాచమని కోరుతూ రాసినా దాగుతుందని నమ్మకండి. జాతీయ రహదారుల పనుల్లో అవినీతి గురించి సత్యేంద్ర దూబే అనే ఇంజనీరు ప్రధాని కార్యాలయానికి రాస్తూ తన పేరు రహస్యంగా ఉంచమన్నాడు. ఆ ఉత్తరం పేరుతో సహా ఆఫీసులన్నీ తిరిగింది. 2003 నవంబరులో గయలో ఆయన్ని కాల్చి చంపారు. అది దోపిడీ దొంగల పని అని దర్యాప్తు తేల్చింది, నేను ఆ జోలికి పోను. దాచమన్న పేరు దాగలేదు. మీకు ఇద్దరు పిల్లలో ముగ్గురో ఉంటారు, లోను ఆరేళ్ళుంది. ఒక్కరే వెళ్ళి గుద్దుకోవద్దు. అందుకే ముందు మనుషుల్ని కూడగట్టమన్నాను.

మీ ఆవిడ మాట పిరికి మాట అని నేననను. ఆమె చెప్పింది ఇంటి లెక్క. కానీ ఆ లెక్కలో ఒక పద్దు వదిలేశారు. గొడవైన రోజు ముందుగా పోయే ఉద్యోగం సంతకం పెట్టినవాడిది. ఇది ఆమెకు వివరంగా చెప్పండి. భయపెట్టడానికి కాదు, తర్వాత ఏం జరిగినా ఆమెకు కొత్తగా ఉండకూడదు. ఇప్పుడే మానెయ్యకండి. మీరు వెళితే ఆ కుర్చీలో కూర్చునేది ఆ కుర్రాడు. వేరే చోట పని మాత్రం ఈ రోజు నుంచే వెతుక్కోండి. చేతిలో ఇంకో పని ఉన్నవాడి గొంతు ఓనరు గది దగ్గర కాస్త స్థిరంగా ఉంటుంది.

మిగిలింది మాస్టారి బాకీ. 2025లో ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు అంది. ఫ్యాక్టరీలు ఎనిమిది ఇవ్వాలి, మిగతా నాలుగు సర్కారు సబ్సిడీ. ఆ ఎనిమిదీ అందలేదని చాలామంది రైతులు గొడవపడ్డారు. మీ ఫ్యాక్టరీ రేటు మీరు రాయలేదు, ఎనిమిదే అనుకుందాం. 220 కిలోలకు 1,760. ఆ సబ్సిడీ కూడా చీటీలో ఉన్న తూకానికే కదా వస్తుంది, అందులో ఇంకో 880 పోయింది. మొత్తం 2,640 రూపాయలు. తూకంలో కోశాం అనుకున్నది సర్కారు సొమ్ములోనూ కోత పెట్టిందని మీకు అప్పుడు తట్టి ఉండదు.

ఒక ఆదివారం మాస్టారింటికి వెళ్ళండి. కుర్రాణ్ణి కూడా బండెక్కించుకుని వెళ్ళండి. డబ్బు ఇవ్వండి. తీసుకోనంటే బలవంతం చెయ్యకండి. కానీ 4,200లో 80 ఎంత శాతమో, 300 ఎంత శాతమో ఒక కాగితం మీద వేసి ఆయన చేతికిచ్చి రండి. ఆయన అడిగిన లెక్క ఇంకా మీ దగ్గరే ఉండిపోయింది.